బంగారు నానోకణాలు, లేజర్ కాంతి: నోటి క్యాన్సర్‌కు ఆపరేషన్ వాయిదా వేసి దీనికోసం ఆగవచ్చా?

నెల్లూరబ్బాయి (బెంగళూరు) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నెల్లూరులో ఉండే మా మేనమామకు ఎడమ బుగ్గ లోపల ఎంతకీ మానని పుండు ఒకటి ఉండగా, బయాప్సీలో అది క్యాన్సర్ అని తేలింది. చెన్నైలో ఒక పెద్ద ఆసుపత్రిలో చూపించాము. అక్కడివారు స్కానులన్నీ చేసి, ముందుగా ఆపరేషన్ చేసి బుగ్గలోని కణితితో పాటు మెడలోని లింఫ్ గడ్డలను కూడా తీసివేయాలనీ, తరువాత వచ్చే నివేదికను బట్టి రేడియేషన్ అవసరం కావచ్చుననీ చెప్పారు. మామయ్యకు గుట్కా అలవాటు ఉండేది, ఇప్పుడు పూర్తిగా మానేశారు. అయితే ఆపరేషన్ జరిగితే ముఖం ఒక పక్కకు లాగినట్లు అయిపోతుందనీ, నలుగురిలోకి రాలేననీ ఆయన బెంగపెట్టుకున్నారు.

ఇంతలో మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి ఒక వీడియో వచ్చింది. బంగారపు అతి సూక్ష్మకణాలను రక్తంలోకి ఎక్కించి, బయటి నుంచి ఒక రకమైన కాంతిని ప్రసరింపజేస్తే క్యాన్సర్ కణాలు మాత్రమే మాడిపోతాయనీ, కోత గానీ కుట్లు గానీ ఉండవనీ, దీనిని బెంగళూరులోనే కనిపెట్టారనీ అందులో చెబుతున్నారు. అది చూసినప్పటి నుంచి మామయ్య "ఆరు నెలలు ఆగితే మనకూ అది అందుతుందేమో" అంటున్నారు. అత్తయ్య ఫోన్ చేసి, ఊళ్లోనే ఉన్నావు కదా, నిజమేమిటో కనుక్కోమన్నారు.

నేను కంప్యూటర్ ఉద్యోగిని, ఈ విషయం నాకు కొత్త. అసలు బంగారమే ఎందుకు? అది కాంతి తగిలితే ఎందుకు వేడెక్కుతుంది? నోరు కాంతి సులభంగా చేరగల చోటే కాబట్టి మామయ్య విషయంలో ఇది పనికిరావాలి కదా? బెంగళూరులో గానీ చెన్నైలో గానీ ఇప్పుడు ఎవరైనా చేస్తున్నారా? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

కాంతిపథం (మల్లేశ్వరం, బెంగళూరు) సమాధానం:

నేను పదార్థ విజ్ఞానంలో పరిశోధన చేస్తున్నాను, వైద్యుణ్ణి కాను. కాబట్టి బంగారం సంగతి విస్తారంగా చెబుతాను. ఆపరేషన్ సంగతి ఇక్కడ ఉన్న వైద్యులకు వదిలేస్తాను.

నగలలో పసుపుగా మెరిసే బంగారాన్నే పది, ఇరవై నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) గుండ్రని కణాలుగా నీటిలో తేలేటట్లు తయారుచేస్తే ఆ నీరు కెంపు రంగులో కనిపిస్తుంది. మైకేల్ ఫారడే ఇటువంటి ద్రావణాలను తయారుచేసి, బంగారానికీ కాంతికీ ఉన్న సంబంధంపై తన పరిశీలనలను 1857లో ప్రచురించాడు. ఆ రంగు ఎందుకు వస్తుందో 1908లో గుస్టావ్ మీ అనే జర్మన్ శాస్త్రవేత్త లెక్కకట్టి చూపించాడు. లోహంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు కాంతి తగిలినప్పుడు అన్నీ కలిసి ఒక పక్కకూ మరో పక్కకూ ఊగుతాయి. ఉయ్యాలను దాని ఊపుకు సరిపడే క్షణంలో తోస్తే చిన్న తోపుకే ఎత్తుకు లేచినట్లు, ఎలక్ట్రాన్ల సహజమైన ఊపుతో కాంతి తరంగం లయ కలిసినప్పుడు కణం ఆ కాంతిని అసాధారణమైన మోతాదులో పీల్చుకుంటుంది. దీనినే ఉపరితల ప్లాస్మాన్ అనునాదం అంటారు. గుండ్రని చిన్న కణాలలో ఇది 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే ఆకుపచ్చ కాంతి దగ్గర జరుగుతుంది. ఆకుపచ్చ పోగా మిగిలిన ఎరుపే మన కంటికి కనిపిస్తుంది.

పీల్చుకున్న శక్తిలో తిరిగి కాంతిగా బయటికి వచ్చేది అత్యల్పం. ఎలక్ట్రాన్ల నుంచి అది లోహపు పరమాణువులకు, అక్కడి నుంచి చుట్టూ ఉన్న నీటికి వేడిగా దిగిపోతుంది. మొదటి దశ పూర్తికావడానికి పట్టే కాలాన్ని సెకనులో లక్ష కోట్ల వంతులలో కొలుస్తారు. కాబట్టి లేజర్ వెలుగుతున్నంతసేపూ ప్రతి కణమూ ఒక అతి చిన్న పొయ్యిగా పనిచేస్తూనే ఉంటుంది.

అయితే ఆకుపచ్చ కాంతి శరీరంలోకి దూరదు, రక్తంలోని హీమోగ్లోబిన్ దానిని దారిలోనే మింగేస్తుంది. చీకట్లో టార్చి మీద అరచేయి పెడితే ఎరుపు మాత్రమే బయటికి రావడం అందరూ చూసినదే. సుమారు 650 నుంచి 900 నానోమీటర్ల వరకు, అంటే ఎరుపు చివర నుంచి కంటికి కనిపించని సమీప పరారుణం దాకా, రక్తమూ నీరూ రెండూ కాంతిని తక్కువగా పీల్చే ఒక సందు ఉంది. బంగారం ఆ సందులోని కాంతిని పీల్చాలంటే దాని ఆకారాన్ని మార్చాలి. ఈ పరిశోధనలో అసలు మలుపు అక్కడే వచ్చింది. అమెరికాలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో నయోమీ హాలాస్ బృందం సిలికా గుండు మీద పలుచని బంగారు పొర వేసి బంగారు గుల్లలను తయారుచేసింది. గుండు వ్యాసానికీ పొర మందానికీ ఉన్న నిష్పత్తిని మారిస్తే కణం పీల్చుకునే కాంతి కోరినచోటికి జరుగుతుంది. జార్జియా టెక్‌లో ముస్తఫా ఎల్-సయ్యద్ బృందం కడ్డీ ఆకారంలో ఉన్న కణాలను తీసుకుంది. కడ్డీ పొడవు వెడల్పుకు సుమారు నాలుగు రెట్లు ఉంటే అది 800 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది.

మీ మామయ్యగారి సమస్యకు దగ్గరైన ప్రయోగం ఈ రెండవ బృందానిదే. 2006లో వారు నోటి క్యాన్సర్ కణాలనే తీసుకుని, ఆ కణాల ఉపరితలంపై ఎక్కువగా ఉండే ఈజీఎఫ్ఆర్ అనే ప్రొటీనుకు అతుక్కునే యాంటీబాడీలను బంగారు కడ్డీలకు తగిలించి, 800 నానోమీటర్ల లేజర్ ప్రసరింపజేశారు. మామూలు కణాలను చంపడానికి కావలసిన లేజర్ శక్తిలో సుమారు సగంతోనే క్యాన్సర్ కణాలు చనిపోయాయి. ఇది మంచి ఫలితమే, కానీ వీడియోలో చెప్పిన "మాత్రమే" అనే మాటను ఒక్కసారి దీని పక్కన పెట్టి చూడండి. గాజు పళ్లెంలో, కణాలన్నీ ఒకే పొరగా పరచుకుని, బంగారం సరాసరి వాటి మీద పోసినప్పుడు వచ్చిన తేడా రెండింతలు. అంటే శక్తి పెరిగితే మామూలు కణాలు కూడా చనిపోతాయి.

ఎలుకలలో ఫలితాలు ఇంకా బాగున్నాయి. 2004లో హ్యూస్టన్ బృందం బంగారు గుల్లలను రక్తంలోకి ఎక్కించి లేజర్ వేసిన ఎలుకలలో కణితులు పూర్తిగా మాయమై, 90 రోజులు దాటినా తిరిగి రాలేదు. ఆ కణితులు చర్మం కిందనే ఉండేలా పెంచినవి, ఎలుక చర్మం చాలా పలుచన. నాకు ఈ రంగంలో చాలా పరిశోధనా పత్రాల మీద ఉన్న ఫిర్యాదు కూడా ఇదే. చర్మానికి హాని కలగకుండా 808 నానోమీటర్ల లేజర్ వాడదలిస్తే, భద్రతా ప్రమాణాల ప్రకారం చదరపు సెంటీమీటరుకు 0.33 వాట్లు దాటకూడదు. ఒక వాటు, రెండు వాట్లు వాడి, ఎలుక కోలుకుందని రాసిన పత్రాలు లెక్కలేనన్ని ఉన్నాయి.

ఇక బంగారమే ఎందుకంటే, అది తుప్పు పట్టదు, రక్తంలో కరగదు, గంధకం ఉన్న అణువులను గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి కావలసిన పూతనో యాంటీబాడీనో దానికి సులభంగా అతికించవచ్చు. మంచి గుణంగా చెప్పుకున్న ఆ కరగకపోవడమే తరువాత ఇబ్బంది తెచ్చిపెడుతుంది. మూత్రపిండాల వడపోతలోంచి బయటికి పోవాలంటే కణం సుమారు 5.5 నానోమీటర్ల కంటే చిన్నదిగా ఉండాలి. పైన చెప్పిన గుల్లలూ కడ్డీలూ అంతకంటే ఎన్నో రెట్లు పెద్దవి, అందుచేత అవి కాలేయంలోనూ ప్లీహంలోనూ చేరి చాలాకాలం అక్కడే ఉండిపోతాయి. కడ్డీలతో మరో చిక్కు కూడా ఉంది. వాటిని పెంచేటప్పుడు వాడే సీటాబ్ అనే సబ్బువంటి రసాయనం జీవకణాలకు విషం. దానిని పూర్తిగా కడిగి వేరే పూత వేయకపోతే, కణితిని చంపింది కాంతో ఆ రసాయనమో తేల్చుకోలేము.

అడయారు వైద్యురాలు (చెన్నై) సమాధానం:

నేను చెన్నైలో రేడియేషన్ విభాగంలో పనిచేస్తున్నాను. మీ మామయ్యగారి రిపోర్టులు నేను చూడలేదు కాబట్టి ఆయన కోసం ప్రత్యేకంగా ఏమీ చెప్పలేను. కానీ "ఆరు నెలలు ఆగితే" అన్న మాట చదివిన తరువాత ఊరుకోలేకపోతున్నాను. దయచేసి ఆగవద్దు.

ఈ చికిత్స మనుషుల దాకా రాలేదని కాదు. హ్యూస్టన్‌లో పుట్టిన ఆ బంగారు గుల్లలతోనే ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 16 మంది పురుషులకు చేసిన ప్రాథమిక అధ్యయనం 2019లో వెలువడింది. వారి వయసు 58 నుంచి 79 మధ్య. పద్ధతి ఏమిటంటే, ముందురోజు సుమారు 150 నానోమీటర్ల గుల్లలను సెలైన్‌లా రక్తనాళంలోకి ఎక్కిస్తారు. మరుసటి రోజు ఎమ్మారై, అల్ట్రాసౌండ్ చిత్రాలను ఒకదాని మీద ఒకటి కలిపి చూసుకుంటూ, సన్నని లేజర్ తీగలను గ్రంథి లోపలికి గుచ్చి కాంతిని పంపుతారు. అంటే కాంతి బయటి నుంచి రావడం లేదు, లోపలికి దింపవలసి వచ్చింది. 16 మందిలో 15 మందికి ఈ విధంగా కణితి ఉన్న భాగాన్ని మాడ్చగలిగారు. మూత్ర సంబంధమైన, లైంగిక సంబంధమైన ఇబ్బందులలో చెప్పుకోదగిన తేడా రాలేదు. ప్రోస్టేట్ విషయంలో రోగులు అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఈ రెండింటికే కాబట్టి, ఇది నిజంగా ఆశ కలిగించే ఫలితమే.

కానీ అక్కడ ఎంచుకున్న రోగులు ఎవరో కూడా చూడాలి. ఆ గ్రంథి దాటి పాకని, తక్కువ లేదా మధ్యస్థ ప్రమాదం ఉన్న ప్రోస్టేట్ క్యాన్సర్ వారిది. ఆ జబ్బు చాలామందిలో ఎంత నెమ్మదిగా పెరుగుతుందంటే, కొందరికి ఏ చికిత్సా ఇవ్వకుండా పరీక్షలు చేస్తూ కనిపెట్టుకుని ఉండటమే సరైన పద్ధతి. కొత్త ప్రయోగం విఫలమైనా మళ్లీ ఆపరేషన్‌కో రేడియేషన్‌కో వెళ్లే వ్యవధి వారికి ఉంటుంది. బుగ్గ క్యాన్సర్‌లో ఆ వ్యవధి ఉండదు. మన దక్షిణాది ఆసుపత్రుల్లో ప్రతివారం కనిపించేదేమిటంటే, మొదటిసారి వచ్చినప్పుడు ఆపరేషన్‌కు వీలుగా ఉన్న పుండు, నాటుమందు వాడో మరొకరి మాట వినో కొన్ని నెలలు గడిపి తిరిగి వచ్చేసరికి దవడ ఎముకలోకో బయటి చర్మంలోకో పాకి ఉంటుంది. ముఖం వికారమవుతుందని భయపడి ఆగినవారికే చివరికి ముఖంలో ఎక్కువ భాగం తీయవలసి వస్తోంది.

నోరు కాంతికి అందే చోటే కదా అన్నారు. చాలామంది వేసే ప్రశ్నే ఇది, సబబైనదే. కంటికి కనిపించే పుండు జబ్బులో ఒక భాగం మాత్రమే. అది లోపలికి ఎన్ని మిల్లీమీటర్లు దిగిందన్నదీ, మెడలోని లింఫ్ గడ్డలకు, అంటే అందరికీ ఉండే చిన్న గ్రంథులకు, చేరిందా లేదా అన్నదీ రోగి భవిష్యత్తును నిర్ణయిస్తాయి. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు 2015లో ప్రచురించిన అధ్యయనం దీనికి గట్టి ఆధారం. మెడలో వాపు ఏదీ తగలని తొలి దశ నోటి క్యాన్సర్ రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మొదటి ఆపరేషన్‌లోనే మెడలోని లింఫ్ గడ్డలు తీశారు. రెండవ జట్టుకు మెడలో జబ్బు బయటపడినప్పుడు మాత్రమే తీశారు. మూడేళ్ల తరువాత మొదటి జట్టులో 80 శాతం మంది, రెండవ జట్టులో 67.5 శాతం మంది బతికి ఉన్నారు. చేతికి తగలని, స్కానులో స్పష్టంగా కనిపించని జబ్బు మెడలో దాగి ఉండటమే ఆ తేడాకు కారణం. బుగ్గ మీద పడిన లేజర్ కాంతి మెడలోపల ఎక్కడ ఉందో తెలియని ఆ జబ్బును ఏమీ చేయలేదు. మీ మామయ్యగారికి మెడ గడ్డలు కూడా తీయాలని చెప్పారంటే, ఆ వైద్యులు సరైన దారిలోనే ఆలోచిస్తున్నారు.

రక్తంలోకి ఎక్కించిన బంగారం కణితికే వెళుతుందన్నది కూడా వీడియోలలో బొమ్మ గీసి చూపించినంత సులభం కాదు. కణితిలోని రక్తనాళాలు కారుతుంటాయి కాబట్టి చిన్న కణాలు అక్కడ నిలిచిపోతాయని 1986లో జపాన్ శాస్త్రవేత్తలు గమనించారు. ఆ ఆశ మీదనే ఈ రంగం నిలబడింది. 2016లో టొరంటో బృందం పదేళ్ల పరిశోధనా పత్రాలను పోగుచేసి లెక్క తీస్తే, జంతువులకు ఎక్కించిన నానోకణాలలో కణితికి చేరినది మధ్యగత విలువగా (అంటే సగం ప్రయోగాలలో ఇంతకంటే తక్కువ, సగంలో ఎక్కువ) 0.7 శాతమేనని తేలింది. మిగతాదాంట్లో ఎక్కువ భాగం కాలేయం, ప్లీహాల పాలవుతుంది.

మీ చివరి ప్రశ్నకు సూటిగా జవాబు: కాంతితో వేడెక్కే బంగారు నానోకణాలు మన దేశంలో ఆమోదం పొందిన క్యాన్సర్ చికిత్సగా లేవు. డబ్బు కట్టించుకుని ఇప్పుడే చేస్తామని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ముఖం గురించి ఆయన పడుతున్న భయం మాత్రం చిన్నది కాదు, దానిని తీసిపారేయకండి. ఇప్పుడు ముంజేతి నుంచో తొడ నుంచో ఛాతీ నుంచో చర్మమూ కండరమూ తీసి, తొలగించిన బుగ్గ భాగాన్ని అదే ఆపరేషన్‌లో పూడుస్తారు. ఆపరేషన్‌కు ముందే ప్లాస్టిక్ సర్జన్‌తో విడిగా మాట్లాడించమని అడగండి. అదే ఆపరేషన్ చేయించుకుని తిరుగుతున్న ఒక పాత రోగితో ఆయనను పదిహేను నిమిషాలు కూర్చోబెట్టగలిగితే, మనం చెప్పే వంద మాటల కంటే అది ఎక్కువ పనిచేస్తుంది. అడిగితే చాలా ఆసుపత్రులు ఏర్పాటు చేస్తాయి.

మైలాపూరు పెద్దాయన అడిగిన ఉపప్రశ్న:

ఆయుర్వేదంలో స్వర్ణభస్మం ఎప్పటి నుంచో ఉంది. అందులోనూ నానోకణాలే ఉన్నాయని చదివాను. ఈ ఆపరేషన్ జరిగేలోగా దానిని వాడితే ఇదే ఫలితం కొంతైనా వస్తుందా?

కాంతిపథం:

పెద్దాయన గారికి నమస్కారం. స్వర్ణభస్మాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసినవారికి నానో స్థాయి బంగారు రేణువులు కనిపించిన మాట నిజమే. కానీ ఇక్కడ పనిచేస్తున్నది బంగారం ఉండటం కాదు, కణం ఆకారమూ దాని మీద పడే కాంతీ. భస్మంలోని రేణువులు ఒక దానితో ఒకటి కలిసి ముద్దకట్టి ఉంటాయి. సమీప పరారుణాన్ని పీల్చే ఆకారంలో వాటిని ఎవరూ మలచలేదు. నోటితో మింగినది రక్తంలోకి, అక్కడి నుంచి కణితిలోకి చేరే అవకాశం బహు స్వల్పం. చేరినా లేజర్ లేదు. కాబట్టి రెండింటికీ పోలిక లేదు. ఇప్పటికే అలాంటివి ఏవైనా వాడుతూ ఉంటే, మత్తు ఇచ్చే వైద్యుడికి దాచకుండా చెప్పాలి.

యశ్వంతపుర విద్యార్థిని సమాధానం:

"బెంగళూరులోనే కనిపెట్టారు" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైందనుకుంటున్నాను. భారతీయ విజ్ఞాన సంస్థ, అంటే మనవాళ్లు టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచేది, అక్కడి పరిశోధకులు 2023లో బంగారమూ కాపర్ సల్ఫైడూ కలిసిన సంకర నానోకణాలను ప్రకటించారు. పత్రికలలో అది చాలా ప్రముఖంగా వచ్చింది. ఆ పనిలో నిజమైన తెలివి రెండు చోట్ల ఉంది. మొదటిది, ఆ కణాల పరిమాణం 8 నానోమీటర్ల లోపే ఉంది. కాంతిపథం గారు చెప్పిన కాలేయం సమస్యను తగ్గించాలంటే కణాలు చిన్నవి కావాలి కదా. రెండవది, ఆ కణాలు కాంతిని పీల్చి వేడినే కాక ధ్వని తరంగాలను కూడా పుట్టిస్తాయి. ఆ ధ్వనిని పట్టుకుంటే కణితి ఎక్కడ ఉందో బొమ్మ తీయవచ్చు. కాంతి కణజాలంలో చెదిరిపోయినంతగా ధ్వని చెదరదు కాబట్టి చిత్రం స్పష్టంగా వస్తుంది. అంటే వెతకడానికీ చంపడానికీ ఒకే కణం. కానీ ఆ ఫలితాలు ప్రయోగశాలలో పెంచిన ఊపిరితిత్తుల, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాల మీద వచ్చినవి. రోగుల దాకా రావడానికి మధ్య జంతువులు, విష పరీక్షలు, ఆ తరువాత మూడు దశల మానవ పరీక్షలు ఉన్నాయి. పరిశోధకులు ఆ దూరాన్ని దాచలేదు, వీడియో చేసినవారు దాచారు.

ఇంకొక దారి కూడా మన దేశంలోనే వేశారు. ఐఐటీ బాంబే బృందం కొవ్వు బుడగల మీద, అంటే లైపోసోముల మీద బంగారు పూత వేసింది. ఎలుకలలో చేసిన ఆ పని 2015లో వెలువడింది. కాంతితో పని పూర్తయ్యాక బుడగ విడిపోయి, బంగారం మూత్రపిండాలు బయటికి పంపగలిగినంత చిన్న ముక్కలవుతుంది. బంగారాన్ని లోపలికి పంపడం కంటే తిరిగి బయటికి రప్పించడం గురించి ముందే ఆలోచించిన పని కాబట్టి నాకు ఇది ఎక్కువ ఇష్టం.

మన దేశంలో ఏదైనా మానవ పరీక్ష నిజంగా జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి బంధువుల గ్రూపు అక్కరలేదు. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా అనే ప్రభుత్వ వెబ్‌సైటులో 2009 జూన్ నుంచి ప్రతి పరీక్షా నమోదు కావడం తప్పనిసరి. జబ్బు పేరుతో వెతికితే ఏ ఊళ్లో, ఏ ఆసుపత్రిలో, ఎటువంటి రోగులను తీసుకుంటున్నారో కనిపిస్తుంది. 2019 నాటి కొత్త ఔషధాల నిబంధనల ప్రకారం పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యమూ పరిహారమూ ఇవ్వాలి. నానో ఔషధాలను ఎలా అంచనా వేయాలో తెలిపే మార్గదర్శకాలు కూడా మన బయోటెక్నాలజీ విభాగం చొరవతో అదే ఏడాది వచ్చాయి.

నెల్లూరబ్బాయి:

అందరికీ కృతజ్ఞతలు. మామయ్యకూ అత్తయ్యకూ ఇవన్నీ ఫోన్‌లో చదివి వినిపించాను. టాటా మెమోరియల్ వారి లెక్క విన్న తరువాత మామయ్య కొంచెంసేపు మాట్లాడలేదు, ఆపైన ప్లాస్టిక్ సర్జన్‌ను కలుద్దామన్నారు. మా బావకు మాత్రం ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. రక్తంలోకి ఎక్కించిన బంగారంలో 0.7 శాతమే చేరుతుందంటే, బుగ్గలోని గడ్డలోకి సరాసరి సూదితో ఎక్కించవచ్చు కదా? అలాగే జపాన్‌లో తల, మెడ క్యాన్సర్‌కు కాంతి చికిత్స ఇప్పటికే ఆమోదం పొందిందని ఆయన చదివారట, అది ఇదేనా?

అడయారు వైద్యురాలు:

మీ బావగారు మంచి ప్రశ్నలు అడిగారు.

ముందు జపాన్ సంగతి. అక్కడ 2020లో ఆమోదం పొందినది వేరే చికిత్స. అందులో బంగారం లేదు. ఈజీఎఫ్ఆర్‌ను పట్టుకునే సెటుక్సిమాబ్ అనే యాంటీబాడీకి కాంతిని పీల్చే ఒక రంగు పదార్థాన్ని కలిపి రక్తంలోకి ఇస్తారు. మరుసటి రోజు 690 నానోమీటర్ల కాంతి వేస్తే ఆ రంగు పదార్థం క్యాన్సర్ కణపు పొరను చీల్చేస్తుంది, చంపేది వేడి కాదు. ఆ ఆమోదం కూడా ఆపరేషన్‌తో తీయడానికి వీలుకాని స్థితిలో ఉన్న లేదా అదే చోట తిరిగి వచ్చిన తల, మెడ క్యాన్సర్లకే. ఆపరేషన్‌కు వీలుగా ఉన్నవారు దానికోసం ఆగాలని అక్కడ కూడా ఎవరూ చెప్పరు.

సూదితో నేరుగా ఎక్కించడం జరగని పని కాదు. ఎల్-సయ్యద్ బృందం ఈజిప్టు పశువైద్యులతో కలిసి, రొమ్ము కణితులు సహజంగా వచ్చిన కుక్కలకూ పిల్లులకూ బంగారు కడ్డీలను కణితిలోకే ఎక్కించి లేజర్ వేసింది, మంచి ఫలితాలు ప్రకటించింది. కానీ గట్టి కణితిలో సూదితో పంపిన ద్రవం ఒకేలా పరచుకోదు. ఒక చోట మడుగు కడుతుంది, మరోచోట చుక్క కూడా చేరదు. వేడి కూడా అలాగే పంచుకుంటుంది. బంగారం ఎక్కువగా ఉన్నచోట 60 డిగ్రీలు దాటి కణజాలం ఉడికిపోతుంది, అంచులలో 42, 43 దగ్గరే ఆగితే అక్కడి క్యాన్సర్ కణాలు బతికి బయటపడవచ్చు. పక్కనే పెద్ద రక్తనాళం ఉంటే అది వేడిని మోసుకుపోతుంది. నోటి క్యాన్సర్ తిరిగి వచ్చేది అంచుల నుంచే.

నేను రేడియేషన్ వైద్యురాలిని కాబట్టి నాకు కనిపించే ఇంకొక పెద్ద తేడా ఉంది. ఆపరేషన్‌లో తీసిన భాగం పాథాలజీకి వెళుతుంది. అక్కడ దానిని ముక్కలుగా కోసి, కణితి ఎంత లోతు దిగింది, నరాల వెంట పాకిందా, చుట్టూ 5 మిల్లీమీటర్ల శుభ్రమైన అంచు ఉందా, మెడ నుంచి తీసిన గడ్డలలో ఎన్నింటిలో జబ్బు ఉంది, గడ్డ పొరను చీల్చుకుని బయటికి వచ్చిందా అని ఒక్కొక్కటీ రాస్తారు. మేము రేడియేషన్ ఇవ్వాలా, దానితో కీమో కలపాలా అన్నది ఆ కాగితం చూసే నిర్ణయిస్తాము. వేడితో మాడ్చేసిన చోట పరీక్షకు పంపడానికి అలాంటి ముక్క మిగలదు. లోపల ఏమి మిగిలిందో తెలియకుండా తరువాతి చికిత్సను ఊహ మీద నడపవలసి వస్తుంది. ప్రోస్టేట్ అధ్యయనంలో ఆ చోటి నుంచి తరువాత మళ్లీ బయాప్సీలు తీసి చూడవలసి వచ్చింది కూడా ఇందుకే.

మీ మామయ్యగారి విషయంలో ఇప్పుడు చేయవలసిన పని ఒకటి ఉంది. రేడియేషన్ అవసరమైతే దానిని ఆపరేషన్ తరువాత ఆరు వారాలలోపు మొదలుపెట్టగలగాలి. పుచ్చిన పళ్లు ఉండగా రేడియేషన్ ఇచ్చి, తరువాత వాటిని పీకవలసి వస్తే దవడ ఎముక మానకుండా కుళ్లే ప్రమాదం ఉంది. గుట్కా నమిలినవారిలో పళ్లూ చిగుళ్లూ సాధారణంగా బాగుండవు, నోరు కూడా పూర్తిగా తెరుచుకోదు. ఆపరేషన్ తేదీ రాకముందే పళ్ల డాక్టరు చేత చూపించి, తీయవలసినవి ఉంటే ఆ ఆపరేషన్‌లోనే తీసేయమని సర్జన్‌ను అడగండి. నోరు తెరిచే వ్యాయామం ఇవాళే మొదలుపెట్టించండి.